తాడు ముందు పిల్ల

జూన్ 2, మంగళవారం

ఈ పుస్తకానికి రెండు ముఖాలు. ముందు నుంచి తెరిస్తే గనిలో తాళ్ల తనిఖీ: ఏ లెవెల్లో తాడు నలిగింది, ఎక్కడ గరాటు పగిలింది, ఎప్పుడు మార్చాను. వెనక నుంచి తెరిస్తే నా ఇంటి గోడు. ఆఫీసులో అడిగితే ముందు వైపు చూపిస్తాను. వెనక వైపు కూడా చూపించే ధైర్యం ఉంటే ఇదంతా రాసుకోవాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఇవాళ మూడో లెవెల్లో పాత తాడు విప్పి కొత్తది కట్టి ఇంటికొచ్చేసరికి గుమ్మానికి కార్డుల కవరు తగిలించి ఉంది. మూడు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లన్నిటికీ నెల మొదట్లో బాల్వాడీ నుంచి కార్డులు వస్తాయి. వారానికో ఆట. పేరుకు ఆట గానీ అది పాఠమే. తల్లో తండ్రో పక్కన కూర్చుని ఆడించాలి. పిల్ల చేతికి రబ్బరు కడియం ఉండాలి. చెయ్యి ఎటు కదిలింది, ఎక్కడ తడబడింది, ఆ కడియం పట్టుకుని బాల్వాడీకి చేరవేస్తుంది.

నా భార్య భాగ్య పైన ఉంది. కరెంటు తీసే ఎండ పలకలు తుడిచి, పగిలినవి మార్చే డ్యూటీ ఆమెది. జూలై మొదటి వారంలో గాని కిందికి దిగదు. మా తాతలు ఈ గనిలో బొగ్గు తవ్వి, సాయంత్రానికి పైకెక్కి గాలి పీల్చుకునేవారట. మేము పైన ఎండకు తాళలేక ఇక్కడే కాపురం పెట్టి, పైకి పనికి పోతున్నాం. సరే, అసలు సంగతేమిటంటే ఈ నెల కార్డులన్నీ నా నెత్తినే పడ్డాయి. మా పిల్ల సమ్మక్కకు నాలుగున్నరేళ్లు. సమ్మి అని పిలుస్తాం.

మొదటి కార్డు: కలిపిన పప్పులు వేరు చేయించాలి. కంది, పెసర, శనగ. 'తొందర పెట్టవద్దు. తప్పు అనే మాట వాడవద్దు' అని కింద పెద్ద అక్షరాలు.

సమ్మి పప్పుల్ని వేరు చేయలేదు, పెళ్లి చేసింది. ఒక కందిబద్దను పెళ్లికూతురు చేసి, ఒక పెసరగింజను పక్కన కూర్చోబెట్టి, శనగల్ని చుట్టాలుగా వరస పేర్చింది. అరగంట గడిచినా తలంబ్రాలు కాలేదు. "బాపూ, ఇంక ఊరేగింపున్నది" అంది. పది గంటలు నిలబడి పని చేసి వచ్చాను, కళ్లు మూతలు పడుతున్నాయి. ఊరేగింపు మధ్యలోనే ఆమె నిద్రపోయింది. కడియం తీసి నా నాలుగు వేళ్లకు తొడుక్కుని, పది నిమిషాల్లో గిన్నెడు పప్పు వేరు చేసేశాను. అనుమానం రాకుండా మూడు గింజలు కావాలనే తప్పు కుప్పలో వేశాను. నాలుగేళ్ల పిల్లలా తప్పు చేయడం కూడా తేలికైన పని కాదు.

జూన్ 5, శుక్రవారం

బాల్వాడీ దగ్గర కళావతి టీచర్ నన్ను ఆపింది. మా గని, ఈ ఎనిమిదో ఇంక్లైన్‌లో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి. నాకూ ఆమే దిద్దించింది.

"ఓదేలూ, మీ సమ్మి చెయ్యి మస్తు నడుస్తాందే! గిన్నె మొత్తం చేసింది. మూడే గింజలు తప్పు."

"ఏదో టీచర్, మీ దయ" అన్నాను.

నా దయ అనాల్సింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు తలొంచుకుని అక్కణ్నుంచి వచ్చేశాను. ఒక్క కార్డే కదా, వచ్చే వారం సరిగ్గా కూర్చుందాంలే అనుకున్నాను. సమ్మి మాత్రం ఇంటి దాకా గెంతుతూ వచ్చింది. "టీచర్ నాకు శభాష్ అన్నది బాపూ" అని నాలుగుసార్లు చెప్పింది. ఎందుకన్నదో ఆమెకు తెలియదు. పెళ్లి బాగా చేసినందుకనుకుంది.

జూన్ 9, మంగళవారం

రెండో కార్డు: పళ్లెంలో రవ్వ పోసి, అందులో వేలితో గీతలూ సున్నాలూ గీయించాలి. సమ్మి వేలు పెట్టకుండా చెయ్యంతా పెట్టి తట్టింది. ఇంటి నిండా రవ్వ. పుట్టగొడుగుల షెడ్డులో కూపన్ మీద కొలిచి ఇచ్చే రవ్వ అది, ఊడ్చి మళ్లీ డబ్బాలో పోసేసరికి నా ఓపిక అయిపోయింది. "పోయి ఆడుకో" అని పంపేసి, కడియం తొడుక్కుని నేనే గీశాను.

ఒకసారి చేస్తే అలసట. రెండోసారి చేస్తే అలవాటు. ఇది నాకు తెలుసు. అయినా గీశాను.

జూన్ 14, ఆదివారం

మూడో కార్డు ఏమిటో నాకు ముందే తెలుసు. ప్రతి ఏడూ ఈ నెలలోనే వస్తుంది. తాడు కార్డు.

పొగ నిండితే కళ్లు ఎందుకూ పనికిరావు. మూడేళ్ల కింద, అప్పటికి తాడు కట్టని నాలుగో లెవెల్లో, తొమ్మిది మంది పొగలో పోయాక మాకు ఆ సంగతి గట్టిగా తెలిసింది. అందుకే ఇప్పుడు ప్రతి దారి గోడకూ పెద్దల నడుమెత్తున ఒక తాడు, పిల్లల నడుమెత్తున ఒక తాడు. తాడుకు ఆరడుగులకో గరాటు గుచ్చి ఉంటుంది. బయటి వైపు నడిస్తే చెయ్యి గరాటు మీద నున్నగా ఎక్కి జారుతుంది. లోపలి వైపు నడిస్తే గరాటు నోరు చేతికి అడ్డం తగులుతుంది. తగిలితే ఆగాలి, తాడు వదలకుండా వెనక్కి తిరగాలి. ఇంతే చదువు. ఈ చదువు మాత్రం కన్నవాళ్లే చెప్పాలని మా గనిలో కట్టుబాటు. చీకట్లో గుర్తుండేది కన్నవాళ్ల చేతి మీద నేర్చిందేనని పెద్దలు అంటారు. ఇంకొకరి పిల్లకు తాడు నేర్పితే ఆ ఇంటివాళ్లను అవమానించినట్టే.

ఆ తాళ్లన్నీ కట్టేది నేను. పద్నాలుగేళ్లుగా కడుతున్నాను. నన్ను తాడు ఓదేలు అంటారు.

కార్డు మీద ఆరు రోజుల ఆట రాసి ఉంది. మొదటి రోజు గరాటులు ఊరికే ఇవ్వండి, టోపీలు పెట్టుకోనివ్వండి. రెండో రోజు ఒకదానిలో ఒకటి దోపి మేడ కట్టించండి. మూడో రోజు లెక్కపెట్టించండి. నాలుగో రోజు తాడుకు గుచ్చనివ్వండి. ఐదో రోజు కళ్లు తెరిచి తాడు వెంట నడిపించండి. ఆరో రోజు, పిల్ల ఒప్పుకుంటేనే, కళ్లు మూసి. చదివి నవ్వుకున్నాను. ఈ కార్డు రాసినవాళ్లు పట్టుకునే తాడు కట్టేవాణ్ని నేను. నాకు టోపీల ఆటలు చెబుతారా?

నేరుగా ఆరో రోజు ఆట మొదలుపెట్టాను. మంచం కోడు నుంచి పొయ్యి గట్టు దాకా తాడు కట్టి, నా తువ్వాలు సమ్మి కళ్లకు చుట్టి, చెయ్యి తాడు మీద పెట్టాను. గరాటు తగిలితే ఎలా ఉంటుందో తెలియాలని కావాలనే ఎదురు వైపు నడిపించాను. మొదటి గరాటు తగలగానే ఆమె చెయ్యి తీసేసింది.

"చెయ్యి తియ్యకు!" అన్నాను. "మళ్ల పట్టు."

పట్టుకుంది. మళ్లీ తగిలింది. మళ్లీ తీసేసింది. "బాపూ, కండ్లు ఇప్పు, నాకు భయమైతాంది."

అక్కడ నాకు పూనకం వచ్చింది. ఎవరి పిల్ల ఇది? తాడు ఓదేలు పిల్ల తాడు వదిలేస్తే రేపు నలుగురిలో నా ముఖం ఏమిటి? "నడువు! ఆగకు! చెయ్యి తియ్యకు, నడువు!" అని అరిచాను. ఆమె మణికట్టు పట్టుకుని తాడు వెంట ఈడ్చాను. గరాటు అంచులు వేళ్ల కణుపుల మీద గీసుకుపోయాయి. పొయ్యి గట్టు దాకా వెళ్లాక చూస్తే గౌను తడిసిపోయి ఉంది. నిలబడ్డ చోటే ఒంటికి పోసుకుంది. తువ్వాలు కింద నుంచి కన్నీళ్లు కారుతున్నాయి గానీ ఏడుపు శబ్దం లేదు. శబ్దం చేస్తే నేను ఇంకా అరుస్తానని నోరు కుట్టేసుకుంది.

సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు వెనక ఇంకా కోపం ఉంది, అది రాయకపోతే అబద్ధమవుతుంది. గౌను మారుస్తున్నప్పుడు కూడా నా చేతులు మొరటుగానే ఉన్నాయి.

జూన్ 16, మంగళవారం

తాడు చూస్తే సమ్మి మంచం కిందికి దూరుతోంది. బిస్కెట్ ఇస్తానన్నా రాదు. శుక్రవారానికి కడియం నిండాలి.

కడియం నేనే తొడుక్కున్నాను. పప్పుల దగ్గర తప్పులు చేయగలిగాను గానీ తాడు దగ్గర నా చెయ్యి తప్పు చేయనని మొరాయించింది. తడబడదామనుకున్నాను. వేళ్లు వాటంతట అవే గరాటును తడిమి, ఎటు తిరగాలో అటు తిరిగిపోయాయి. పద్నాలుగేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? తప్పులు కలపాలని మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ అంతే. చివరికి విసుగొచ్చి ఉన్నదున్నట్టు పంపేశాను.

తర్వాత మంచం కింద చెయ్యి పెట్టి సమ్మిని బయటికి లాక్కుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. అబద్ధం ఆడితే అతికినట్టు ఉండాలంటారు. నేను నా బిడ్డకు అతకడం నేర్పాను.

"టీచర్ అడిగితే ఏమంటవ్?"

"ఏమనాలె?"

"బాపు నేర్పిండు, మంచిగ అచ్చింది అను."

"నాకు రాదు గద?"

"అస్తదిలే. అప్పటిదాక ఎవ్వరికీ చెప్పకు. అమ్మకు గుడ చెప్పకు."

ఆమె నా పెదాల వైపే చూస్తూ ఆ మాటలు రెండుసార్లు వల్లించింది. రెండోసారి ఒక్క మాట కూడా తప్పలేదు. ఏ కార్డూ ఆమెకు ఇంత త్వరగా రాలేదు.

జూన్ 19, శుక్రవారం

కళావతి టీచర్ ఇంటికే వచ్చింది. వెంట జైనబమ్మ కూడా ఉంది. మా పక్క గదిలో ఉంటుంది. కొడుకూ కోడలూ నాలుగో లెవెల్ పొగలో పోతే మనవరాలు నూరీని తానే పెంచుకుంటోంది.

"ఓదేలూ, నోరు తీపి చెయ్యాలె" అంది టీచర్. "ఇరవై ఏండ్ల సంది ఈ కార్డులు చూస్తాన్న. గింత మంచిగ తాడు పట్టిన పిల్లను సూడలే. అచ్చే శుక్రవారం చీకటి కసరత్తుల మీ సమ్మి ముందు పిల్ల."

చీకటి కసరత్తంటే దీపాలార్పి, పొగకు బదులు ఆవిరి వదిలి, ఆరుగురు పిల్లల్ని టీచర్ లేకుండా అరవై అడుగుల దారిలో గాలి తలుపు దాకా రప్పిస్తారు. ముందు పిల్ల గోడ తాడు పట్టుకుంటుంది. మిగిలినవాళ్లు ఒకరి వెనక ఒకరు ఆమె వెంట వస్తారు.

"మా నూరీని సమ్మి ఎనకనే పెట్టుమన్న" అంది జైనబమ్మ. "తాడు ఓదేలు బిడ్డ ఎనక ఉంటే నాకు రంది లేదు బేటా."

ఆ క్షణంలో చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. "టీచర్, ఆ కార్డు…" అన్నాను.

"మీ ఇంట్ల పుట్టినాక తాడు రాకుంట ఉంటదా! అడిగేదేమున్నది?" అని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. "తాడు మంచిగ అచ్చిందా బిడ్డా?" అని సమ్మిని అడిగితే, "బాపు నేర్పిండు, మంచిగ అచ్చింది" అని గడగడా అప్పజెప్పింది. జైనబమ్మ ఆమె బుగ్గలు పుణికి మెటికలు విరిచింది.

వాళ్లు వెళ్లాక పొయ్యి మీద నీళ్లు పెట్టి, ఎందుకు పెట్టానో మర్చిపోయి నిలబడ్డాను.

జూన్ 23, మంగళవారం

పైనుంచి భాగ్య ఫోన్లో మాట్లాడింది. ఎవరో అప్పుడే చేరవేశారు. "ఏందయ్యో, మన సమ్మి ముందు పిల్ల అయిందట గద! ఈడ అందరికి చెప్పిన. చాయ్ గుడ నేనే పోయించిన. నువ్వు గింత ఓపికతోని నేర్పుతవనుకోలేదు, నిజం చెప్పాలంటే."

నిజం చెప్పాలంటే అన్న మాట దగ్గర అడ్డుపడ్డాను. సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

మూడు రోజులున్నాయి. ఇప్పుడైనా నేర్పుదామని గరాటులు నేల మీద పోశాను. టోపీల ఆట నుంచే మొదలుపెడదామనుకున్నాను. సమ్మి దూరంగా కూర్చుని నన్ను చూసింది.

"రా బిడ్డా, ఆడుకుందాం."

"నాకు అస్తది."

"ఏం అస్తది?"

"తాడు. కడియంల ఉన్నది. టీచర్ చెప్పింది నాకు అందరికన్న మంచిగ అస్తదని."

అంత నమ్మకంగా చెప్పేసరికి ఏమనాలో తోచలేదు. రాదు అంటే నేను దొంగనవుతాను. వచ్చు అంటే ఆమె శుక్రవారం నూరీని వెంటబెట్టుకుని చీకట్లోకి వెళ్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యి నేనే తవ్వాను, గొయ్యీ నేనే తవ్వాను. గరాటులు ఏరి సంచిలో వేశాను. గురువారం టీచర్‌కు చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను.

జూన్ 25, గురువారం

చెప్పలేదు.

జూన్ 26, శుక్రవారం

 ఇవాళే రాయాలి, రేపటికి నేను దీన్ని నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

గాలి తలుపు దగ్గర మేము ఎనిమిది మంది పెద్దలం నిలబడ్డాం. ఆ చివర కళావతి టీచర్ పిల్లల్ని వరసలో పెట్టి పంపింది. దీపాలారాయి. కసరత్తులో పెద్దలు నోరెత్తకూడదు. పిల్లల్ని పేరు పెట్టి పిలవకూడదు, గొంతు విని వస్తే తాడు నేర్చినట్టు కాదు. అందుకని అందరం చెవులు రిక్కించి వింటున్నాం.

దారి మధ్యలో కుడి పక్కకు ఒక గొంది చీలుతుంది. లోపలికి నలభై అడుగులు పోయి గోడకు తగిలి ఆగిపోతుంది. అందులో అడుగు పెట్టిన మొదటి గరాటుకే నోరు అడ్డం తగులుతుంది. తాడు తెలిసిన పిల్ల అక్కడే ఆగి వెనక్కి తిరుగుతుంది. ఆ గరాటు అక్కడ గుచ్చింది నేనే.

చిన్న చిన్న అడుగుల చప్పుడు మా వైపు వచ్చింది. తర్వాత పక్కకు తిరిగింది. తర్వాత దూరమవడం మొదలుపెట్టింది. తాళ్ల మనిషిని, ఎటు పోతున్నారో చెవులతోనే నాకు అర్థమైంది. పక్కనున్నవాళ్లకు ఇంకా అర్థం కాలేదు. తిరుగుతుందిలే అని ఒక గరాటు దాకా ఆగాను. రెండో గరాటు దాకా ఆగాను. 'సమ్మీ, ఆగు' అని ఒక్క కేక వేస్తే చాలు. కేక వేస్తే కసరత్తు చెడిపోతుంది, ఎందుకు వేశావని అడుగుతారు. నేను కట్టుబాటు పాటించినట్టు నిలబడ్డాను.

అప్పుడు గొంది చివర నుంచి అరుపు వినిపించింది. దీపాలు వేసి పరిగెత్తాం. అక్కడ గోడ వారన జానెడు లోతు నీటి కాలువ ఉంది. సమ్మి గోడకు కొట్టుకుని ఆగితే, వెనకవాళ్లు తోసుకుని నూరీ మీద పడ్డారు. నూరీ కాలువ గట్టు మీద పడింది. కుడి ముంజేయి విరిగింది. ఆ చెయ్యి వంగిన తీరు చూడలేక పక్కకు తిరిగాను.

సమ్మి ఇంకా తాడు వదల్లేదు. వేళ్ల కణుపులన్నీ చెక్కుకుపోయి రక్తం వస్తోంది.

"గరాటు తాకుతాంటే ఎందుకు ఆగలే బిడ్డా?" అని టీచర్ అడిగింది.

"ఆగొద్దు" అంది సమ్మి. "చెయ్యి తియ్యొద్దు. నడువాలె."

టీచర్‌కు అర్థం కాలేదు. నాకు అయింది. నేను అరిచిన మాటలు ఒక్కటీ పొల్లుపోలేదు. "బాపు గట్ల నేర్పిండా?" అని టీచర్ నా వైపు చూడబోయింది. సమ్మి చటుక్కున అడ్డం వచ్చింది. "లేదు. బాపు మంచిగనే నేర్పిండు. నేనే మర్చిపోయిన."

నాలుగున్నరేళ్ల పిల్ల నా నేరం తన మీద వేసుకుంది. నేను వేసుకోనిచ్చాను. "భయపడ్డట్టున్నది" అన్నాను కూడా.

జూన్ 27, శనివారం

నూరీ చేతికి కట్టు కట్టారు. ఆరు వారాలట. జైనబమ్మ గదికి వెళ్తే ఆమె నాకే చాయ్ ఇచ్చింది. "చిన్న పిల్ల, మర్చిపోయింది. నువ్వు సమ్మిని కొట్టకు బేటా" అంది. ఆ చాయ్ తాగాను. దిగిన ప్రతి గుక్కా గుర్తుంది.

కళావతి టీచర్ కబురు పంపింది. రేపు బాల్వాడీలో అందరూ కూడాలట. 'కడియం చూస్తే సమ్మికి తాడు పక్కా వచ్చు. భయం వల్ల తప్పింది. భయం గట్టిపడక ముందే రేపు మళ్లీ ముందు పిల్లగా నడిపిద్దాం' అని రాసింది.

సమ్మి ఆ చీటీ గురించి వింది. మంచం కిందికి వెళ్లి పడుకుంది. నేనూ నేల మీద, మంచం పక్కనే పడుకున్నాను. లోపలికి చెయ్యి చాపితే పట్టుకోలేదు.

జూన్ 28, ఆదివారం

బాల్వాడీ నిండా జనం. సమ్మిని ముందు నిలబెట్టి టీచర్ ఆమె చేతికి కడియం తొడుగుతోంది. సమ్మి గౌను అంచు పిడికిట్లో నలిపేస్తోంది. అయినా నోరు విప్పి నాకు రాదు అనదు. అనొద్దని నేను చెప్పాను.

లేచి నిలబడ్డాను. "టీచర్, ఆ కడియం తొడుక్కున్నది నేను" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మొదటి నుంచి చెప్పాను. పప్పులు, రవ్వ, తాడు. మంచం కోడుకు కట్టిన తాడు మీద పిల్లను ఈడ్చింది చెప్పాను. ఆమె ఒంటికి పోసుకుంది మాత్రం చెప్పలేదు, అది ఆమె సొంత సంగతి. గొందిలోకి పోతున్నారని విని కూడా ఊరుకున్నది చెప్పాను. అది చెప్పేటప్పుడు నేల చూపులు చూశాను.

ముందు లేచింది జైనబమ్మ. ఆమె గొంతు పెంచలేదు. "మా పిల్ల చెయ్యి ఇరిగిన్నాడు చెప్పలే. నిన్న నా చేతి చాయ్ తాగిన్నాడు చెప్పలే. ఇయ్యాల మీ పిల్ల మళ్ల పోవాల్నంటే చెప్తున్నవా?"

  నిజమే, నూరీ కోసం నేను నోరు విప్పలేదు. నా బిడ్డ వంతు వస్తేనే విప్పాను.

అంతలో సమ్మి ఏడుపందుకుంది. ఇన్ని రోజులూ శబ్దం లేకుండా ఏడ్చిన పిల్ల గది అదిరేలా ఏడ్చింది. పరిగెత్తుకొచ్చి రెండు చేతులతో నా కాళ్ల మీద కొట్టింది.

"చెప్పొద్దన్నవ్ గద బాపూ! నేను ఎవ్వరికీ చెప్పలే! అమ్మకు గుడ చెప్పలే! నువ్వెందుకు చెప్పినవ్?"

గదిలో ఉన్న తల్లిదండ్రులందరూ అది విన్నారు. ఇరవై మంది ముందు తిట్లు తిన్నా నాకు ఇంత సిగ్గేసేది కాదు. ఆమె అంత కష్టపడి నిలబెట్టుకున్న మాటను నేనే తప్పాను. ఆమె దృష్టిలో నేను చేసిన తప్పు అదొక్కటే.

తాళ్ల తనిఖీ నుంచి నన్ను తప్పించారు. ఇకపై తాళ్లు మోసేవాణ్నే, తనిఖీ చూసేవాణ్ని కాదు. అది న్యాయమే. సమ్మికి తాడు ఎవరు నేర్పాలన్న దగ్గర మాత్రం అందరూ ఆగిపోయారు. భాగ్య దిగేదాకా ఆగితే భయం గట్టిపడుతుంది. కన్నవాళ్లు బతికుండగా ఇంకొకరు నేర్పిన ఇల్లు ఈ గనిలో లేదు. చివరికి జైనబమ్మే అంది, "నా ఇంటికి పంపుండ్రి. పిల్లదేం తప్పు?" నా వైపు తిరిగి, "నువ్వు గుడ రా. కూసోని చూడు. నోరు ఇప్పకు" అంది.

సాయంత్రం భాగ్యకు నేనే చెప్పాను. అంతా విని, "నూరీ చెయ్యి ఎట్లున్నది?" అని అడిగింది. ఇంకేమీ అడగకుండా పెట్టేసింది.

జూలై 3, శుక్రవారం

ఐదు రోజులుగా జైనబమ్మ గదిలో గుమ్మం పక్కన కూర్చుంటున్నాను. మొదటి రోజు గరాటులు పోసి ఆమె రొట్టెలు చేసుకుంది. సమ్మి వాటిని తాకలేదు. నూరీ ఎడమ చేత్తో ఒక గరాటు తీసి తన కట్టు మీద టోపీ పెట్టింది. సమ్మికి నవ్వొచ్చింది, నా వైపు చూసి ఆపుకుంది. రెండో రోజు ఇద్దరూ మేడ కట్టారు. మూడో రోజు లెక్కపెడుతూ ఏడు తర్వాత తొమ్మిది అన్నారు. జైనబమ్మ తప్పు అనలేదు, "మళ్ల ఒకసారి చూద్దాం" అంది. ఇంత చిన్న మాట నాకు ఎందుకు చేతకాలేదో కూర్చుని ఆలోచించాను. కార్డు మీద రాసినవన్నీ పిల్లకు సంబంధించినవే అనుకున్నాను ఇన్నాళ్లూ.

నిన్న తాడుకు గుచ్చారు. ఇవాళ కళ్లు తెరుచుకుని నడవడం. సమ్మి తాడు పట్టుకుంది. గరాటు నోరు తగలగానే వేళ్లు బిగుసుకుపోయాయి. "ఆగు బేటీ. తాకిందా? ఇగ మెల్లగ ఎనకకు తిరుగు" అంది జైనబమ్మ, రొట్టె పిండి పిసుకుతూనే. సమ్మి ఆగింది. తిరిగింది. రెండోసారి ఆగకుండా పోయింది. మూడోసారి ఆగింది. నాలుగోసారి చెయ్యి వదిలేసి, మళ్లీ పట్టుకుంది.

ఆట అయ్యాక జైనబమ్మ చేతులు తుడుచుకుని అడిగింది. "ఏం బేటీ, తాడు అచ్చిందా నీకు?"

సమ్మి తల తిప్పి నా ముఖం చూసింది. ఏ జవాబు చెప్పాలో అక్కడ రాసి ఉంటుందన్నట్టు కళ్లూ పెదాలూ వెతికింది. నేను తలూపలేదు, కన్ను కదపలేదు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. నోరు విప్పకని జైనబమ్మ చెప్పినా ఆగలేక, "నీకెట్ల అనిపిస్తే అట్ల చెప్పు బిడ్డా" అన్నాను. అది కూడా నేను నేర్పబోయే కొత్త జవాబేమో అనుకుని, మిగతా మాటల కోసం ఎదురు చూసింది.

ఎవరూ తొందర పెట్టలేదు. పెనం మీద రొట్టె మాడింది, జైనబమ్మ తీయలేదు.

"జెరంత అచ్చింది" అంది సమ్మి చివరికి. "జెరంత రాలే."

అని, అలా అనొచ్చో లేదో తెలుసుకోవడానికి మళ్లీ నా వైపే చూసింది.